మడవకు అడ్డం కూర్చున్న గవర్నరు

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ తాతయ్య దీవెనలు.

"అంత పెద్ద గవర్నరు, ఒకమ్మాయి కాలేజీకి పోతుంటే గుమ్మానికి అడ్డం నిలబడటమేంటి తాతయ్యా?" అని ఫోన్లో అడిగారు. ఫోన్లో తేలే మాట కాదు, అందుకే ఈ ఉత్తరం.

మీ వయసులో నేను పొలంలో మడవకు, అంటే కాలవ నీళ్లు చేలోకి పారే గండికి, అడ్డంగా కాళ్లు చాపుకొని కూర్చునేవాణ్ణి. నీళ్లు ఆగేవి. గట్టు మీది పిల్లలు కేకలు వేసి మెచ్చుకునేవాళ్లు. కాసేపటికి నీళ్లు నా పక్కనుంచే గట్టు కోసుకుపోయేవి. మా నాన్న చేత వీపు మోగేది, అది వేరే కథ.

మీ అలబామా గవర్నరు జార్జ్ వాలెస్ చేసిందీ అదే. 1963 జూన్ 11న, టస్కలూసాలో, యూనివర్సిటీ గుమ్మంలో. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ నల్లవాళ్లు కాబట్టి యూనివర్సిటీలో చేరకూడదట! అధ్యక్షుడు కెన్నెడీ ఆ రాష్ట్ర సైనిక దళాన్నే, నేషనల్ గార్డు అంటారు, తన చేతిలోకి తీసుకుంటే, వాలెస్ పక్కకు తప్పుకున్నాడు. ఇద్దరూ ఆ రోజే చేరారు.

ఆయన మొదట్లో అంత మొండివాడు కాదర్రా. 1958లో నల్లవాళ్ల హక్కుల సంఘం మద్దతుతో గవర్నరు పదవికి నిలబడి, క్లాన్ (నల్లవాళ్లను హింసించే తెల్లవాళ్ల ముఠా) మద్దతున్న మనిషి చేతిలో ఓడిపోయాడు. ఓట్ల నీళ్లు ఎటు పారుతున్నాయో అప్పుడు చూసుకున్నాడు. 1963 జనవరిలో గవర్నరుగా ప్రమాణం చేస్తూ "ఈనాడూ వేర్పాటే, రేపూ వేర్పాటే, ఎప్పటికీ వేర్పాటే" అన్నాడు, అంటే నల్లవాళ్లను తెల్లవాళ్లతో కలవనివ్వకుండా వేరుగా ఉంచడమన్నమాట. గట్టు మీద చప్పట్లే చప్పట్లు! తెలియక చేసిన తప్పు కంటే తెలిసి చేసిందే నాకు ఎక్కువ బాధ. 1965లో సెల్మా వంతెన దగ్గర ఓటుహక్కు కోసం నడుస్తున్నవాళ్లను చావబాదింది ఆయన పోలీసులే.

1972లో ఎవడో కాల్చాడు. నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. తర్వాత నల్లవాళ్ల చర్చికి వెళ్లి క్షమించమన్నాడు. 1982లో మళ్లీ గెలిచాడు, వాళ్లలో చాలామంది ఓట్లు కూడా పడ్డాయి. చూశారా, తను నీళ్లు ఆపిన చేలోకే దోసిలి పట్టుకుని వెళ్లాడు. 1996లో తన భార్య పేరు మీదున్న ధైర్య పురస్కారం ఇచ్చిందెవరికనుకున్నారు? ఆ వివియన్‌కే.

అయితే మంచివాడా, చెడ్డవాడా అంటారు. నేనూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను, కాఫీ చల్లారిపోయింది.

మీరో పని చెయ్యండి. నాన్నతో టస్కలూసా వెళ్లినప్పుడు వాలెస్ అడ్డం నిలబడ్డ ఫాస్టర్ ఆడిటోరియం చూడండి. ముందున్న ఆవరణకు ఇప్పుడు మలోన్, హుడ్‌ల పేర్లే పెట్టారు. ఆ గుమ్మం ఎన్ని అడుగుల వెడల్పుందో మీ పాదాలతో కొలిచి నాకు రాయండి.