మొదటి పేజీ కోసం పాతికేళ్ల పరుగు

తేజ మిర్చికీ సన్నం మిర్చికీ తేడా ఏమిటని ఇప్పుడు ఫోనులో వెతికితే, చాలాసార్లు ఏ వెబ్‌సైటూ తెరవకుండానే పని అయిపోతుంది. పేజీ నెత్తిన కృత్రిమ మేధ కూర్చిన నాలుగు వాక్యాల జవాబు కనబడుతుంది. ఆ వాక్యాలకు సరుకు అందించిన సైట్లు దాని కింద ఎక్కడో ఉంటాయి. విజయవాడ, గుంటూరులో చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే మాలాంటి వాళ్లకు ఈ మధ్య తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటే: "సైటు బాగానే ఉంది, మరి జనం ఎందుకు రావడం లేదు?"

జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఇంగ్లీషు సైట్ల కథ, ఏ సైటును ముందు చూపించాలో తేల్చే గూగుల్ నియమాలతో మొదలవుతుంది. మన సైట్ల కథ అంతకంటే ముందు, అక్షరం దగ్గరే మొదలైంది.

తెలుగు పుస్తకానికి విజయవాడ పెద్ద కేంద్రం. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల వెనక, అచ్చుకు పేజీలను కంప్యూటర్‌లో కూర్చే డీటీపీ సెంటర్లు ఎన్నో పనిచేసేవి. అక్కడ ఏళ్ల తరబడి నడిచింది అను ఫాంట్ల రాజ్యం. ఆ పద్ధతిలో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. కాగితం మీద అచ్చు వేసుకోవడానికి అది చక్కగా సరిపోయింది. చిక్కల్లా ఆ అక్షరాలను అలాగే వెబ్ మీదికి ఎక్కించడంతో వచ్చింది.

అలాంటి పాత సైటు ఒకటి తెరిచి, అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. తెర మీద ముత్యాల్లా ఉన్న తెలుగు మాయమై, తలకు చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డిగ్రీ గుర్తులు వరుసగా పడతాయి. సెర్చి ఇంజిన్ చదివేది ఆ వరుసనే. దానికి అక్షరం ఆకారం కనబడదు, సంఖ్య ఒక్కటే తెలుస్తుంది. "పుస్తకాలు" అని ఎవరైనా వెతికితే, వందల పుస్తకాల జాబితా ఉన్న ఆ పేజీలో యంత్రం దృష్టిలో ఆ మాటే లేదు. ఆ రోజుల్లో కొన్ని పత్రికల సైట్లదీ ఇదే దారి, ఒక్కొక్కరిది ఒక్కో సొంత ఫాంటు. వాటిని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రపంచ ప్రమాణంలోకి, మార్చి చదవడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పద్మ అనే చిన్న పరికరాన్ని తగిలించుకునేవాళ్లం. నిజానికి యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు కూడా వచ్చింది. దారి ఉండి కూడా నడవని ఆ కాలం మన భాషకు చేసిన నష్టం చిన్నది కాదని నేను గట్టిగా నమ్ముతాను. యంత్రాలు వెబ్‌ను చదవడం నేర్చుకుంటున్న వేళ, మన రాతలో పెద్ద భాగం వాటి ముందు మూగగా నిలబడింది.

ఇక నియమాల సంగతి. తొలి సెర్చి ఇంజిన్లు ముఖ్యంగా పేజీలోని మాటలను బట్టి నడిచేవి. ఒక మాట ఎన్నిసార్లు కనబడితే అంత బలం. దాంతో పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందసార్లు రాసిపెట్టే విద్య పుట్టింది. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఈ లెక్కను మార్చారు. ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకును ఓటుగా తీసుకున్నారు, అదీ గౌరవం ఉన్న పేజీ వేసే ఓటుకు విలువ ఎక్కువ. పేజ్‌ర్యాంక్ అంటే ఇదే. మాటలు కుక్కే సైట్లకు పెద్ద దెబ్బ 2003 నవంబరులో తగిలింది. అప్పుడు గూగుల్ నియమాల్లో తెచ్చిన మార్పుకు ఫ్లోరిడా అని పేరు పడింది. పేజీ దేని గురించో చెబుతూ లోపల దాచిపెట్టే కీవర్డుల ట్యాగును ర్యాంకింగుకు అసలు వాడడం లేదని 2009 సెప్టెంబరులో గూగుల్ బహిరంగంగా చెప్పింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మన దగ్గర కొటేషన్లలో ఆ పనికి విడిగా ఒక పద్దు ఉండేది.

ఓటు విలువైనదైతే ఓట్లు కొనేవాళ్లూ ఉంటారు. లింకుల బజారు అలా తెరుచుకుంది. మా దగ్గరికి వచ్చిన ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి అనుభవం చెబుతాను. సైటు ఇంగ్లీషులో ఉంది, చూసేది విదేశీ కొనుగోలుదారులు. "మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీ" అని మాట ఇచ్చిన ఒక సంస్థకు ఆయన డబ్బు కట్టారు. మొదటి పేజీ నిజంగానే వచ్చింది. 2012 ఏప్రిల్ ఆఖరున, మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చుకునే చోటు లేని సీజనులో, సైటు ఒక్కసారిగా కనబడకుండా పోయింది. ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొనుక్కున్న లింకులను, అతికించిన లింకులను పట్టుకోవడమే దాని పని. ఇంగ్లీషు వెతుకులాటల్లో 3.1 శాతం మీద దాని ప్రభావం పడిందని గూగుల్ అప్పట్లో చెప్పింది.

ఆయన సైటుకు వచ్చిన లింకులన్నీ బయటకు తీసి ఆయన ఎదుటే చదివాం. బల్గేరియాలోని జూదం సైటు, ఏనాడో మూతపడ్డ పెళ్లిసంబంధాల పేజీ, ఎవరిదో వంటల పేజీ కింద వ్యాఖ్యలు. ప్రతి చోటా అదే వాక్యం, అదే లింకు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాలు కాయలు కలిపి టిక్కీ కుట్టారండీ" అన్నారు. తాలు అంటే రంగు పోయిన నాసి కాయలు. అంతకంటే బాగా పెంగ్విన్‌ను నేను ఎవరికీ వివరించలేకపోయాను. అక్కర్లేని లింకులను లెక్కలోంచి తీసేయమని కోరే వీలును గూగుల్ ఆ ఏడాది అక్టోబరులో ఇచ్చింది. అయినా శుభ్రం చేసుకున్న వెంటనే ఫలితం రాదు, పెంగ్విన్ మళ్లీ నడిచేదాకా ఎదురుచూడాలి. 2014 అక్టోబరులో నడిచాక మరోసారి 2016 సెప్టెంబరులోనే. అప్పుడే అది ఎప్పటికప్పుడు లెక్క వేసే వ్యవస్థగా మారింది. లింకులు అమ్మిన సంస్థ మాత్రం ఆయన ఫోను ఎత్తడం ఎప్పుడో మానేసింది. నేటికీ నాకు కోపం తెప్పించే విషయం ఇదే: మార్పు వచ్చిన ప్రతిసారీ శిక్ష పడింది దుకాణదారుకే, అడ్డదారి చూపించిన వాళ్లకు కాదు.

పెంగ్విన్‌కు ఏడాది ముందు, 2011 ఫిబ్రవరిలో పాండా వచ్చింది. అది పేజీలోని విషయం నాణ్యతను చూసింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు మారాయి. మన ప్రాంతంలో బాగా వాడిన మరో చిట్కా ఊళ్ల పేర్లతో పేజీలు చేయడం. తెనాలిలో ఏసీ మరమ్మతు, మంగళగిరిలో ఏసీ మరమ్మతు, సత్తెనపల్లిలో ఏసీ మరమ్మతు: పేజీ ఒక్కటే, ఊరి పేరు ఒక్కటే మారుతుంది. 2015 మార్చిలో గూగుల్ వీటి మీద కూడా నియమం బిగించింది.

అదే ఏడాది ఏప్రిల్ 21న మొబైల్‌లో సరిగా తెరుచుకునే పేజీలకు, మొబైల్ వెతుకులాటల్లో మొగ్గు ఇచ్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక కావడంతో కంప్యూటర్ ముఖం చూడని వాళ్లు కూడా వెబ్‌లోకి వచ్చారు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టలు బేరమాడుతూనే ధర సరిచూసుకునే రోజులు అవి. ఫోనులో పక్కకు జరుపుకుంటూ చదవాల్సిన సైటును నిమిషం కూడా ఎవరూ భరించలేదు. నా లెక్కలో, గూగుల్ తెచ్చిన ఒత్తిళ్లన్నిటిలోనూ చదువరికి నేరుగా మేలు చేసింది ఇదే.

ఆ తర్వాతి మలుపు భాషది. 2019 అక్టోబరులో వాక్యంలోని మాటల మధ్య సంబంధాన్ని పట్టుకునే బెర్ట్ నమూనాను గూగుల్ ఇంగ్లీషు వెతుకులాటల్లోకి తెచ్చింది. డిసెంబరుకల్లా 70కి పైగా భాషలకు విస్తరించింది, వాటిలో తెలుగు ఉంది. "కు", "నుంచి" వంటి చిన్న ముక్కలు అర్థాన్ని ఎలా తిప్పేస్తాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. విజయవాడ నుంచి గుంటూరుకు బస్సు వేరు, గుంటూరు నుంచి విజయవాడకు బస్సు వేరు. 2020 డిసెంబరులో మరో ప్రకటన వచ్చింది: వెతికిన ఫలితాలను ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. మనవాళ్లు ఎక్కువగా తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు కాబట్టి ఈ వీలు చాలా అవసరమైనది. అయితే ఆ నొక్కుకు జవాబుగా చూపించడానికి మంచి తెలుగు పేజీలు ఉండాలి కదా. వెతుకులాట తెలుగులోకి వచ్చేసరికి ఇటువైపు అల్మారా సగం ఖాళీగా ఉంది.

2022 ఆగస్టులో గూగుల్, మనుషులకు ఉపయోగపడేలా రాసిన విషయాన్ని ముందుకు తెస్తామంది. ఆ ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైంది, యంత్రాలు రాసిన పేజీలు వెల్లువెత్తాయి. ర్యాంకు కోసం గుట్టలుగా పేజీలు తయారు చేయడాన్ని, మనిషి రాసినా యంత్రం రాసినా, 2024 మార్చిలో నిషేధిత పనుల జాబితాలో చేర్చారు. ఆ ఏడాది మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌లో కృత్రిమ మేధ జవాబులు పేజీ నెత్తిన కనబడడం మొదలైంది. తెలుగులోనూ ఇస్తామని అక్టోబరులో ప్రకటించారు.

ఈ చివరి మార్పు వెనకటి వాటిలాంటిది కాదు. పెంగ్విన్‌లో తప్పు చేసినవాడు పడ్డాడు. ఇక్కడ మంచి పేజీ రాసినవాడి మాటే జవాబులోకి వెళుతుంది, చదువరి మాత్రం అతని గడప తొక్కడు. దీన్ని న్యాయమనడానికి నాకు నోరు రావడం లేదు. మా మిర్చి వ్యాపారి సైటుకు కూడా రాకపోకలు తగ్గాయి. అయితే వస్తున్నవాళ్లు వేరే రకం. తేడా ఏమిటని అడిగేవాళ్లు పైనుంచే వెళ్లిపోతున్నారు. ఈ వారం కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన లాటు రంగు ఎలా ఉంది, తొడిమ తీసి పంపుతారా అని అడిగేవాళ్లు సైటులోకి వచ్చి ఫోను చేస్తున్నారు. అందుకే ఇప్పుడు ఆ సైటులో ఆయన సొంతంగా తీసిన ఫొటోలు, లాటు వారీగా రాసిన నాలుగు ముక్కలు తప్ప మిగతావన్నీ తీసేశాం.

ఏలూరు రోడ్డులోని ఒక పుస్తకాల దుకాణం వాళ్లు మరో పని పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ల కింద అను ఫాంట్లలో చేసిన జాబితాను యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. మార్చే సాఫ్ట్‌వేరు ఉంది కానీ ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి. అందుకని ప్రూఫులు దిద్దడంలో చేయి తిరిగిన పెద్దాయన ఒకరు పేరు పేరునా సరిచూస్తున్నారు. జాబితా అకారాది క్రమంలో ఉంది. పోయిన వారం నేను వెళ్లేసరికి "త" దగ్గర ఉన్నారు.