తొలి ఇంటికి సర్కారు సాయం: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో గృహరుణాల సలహాదారుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తొలిసారి ఇల్లు కొంటున్నవాళ్ళే. ప్రైవేటు స్కూలు టీచర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, షాపుల్లో లెక్కలు రాసేవాళ్ళు, చిన్న ఉద్యోగం దొరికాక అద్దె కొంప వదలాలనుకునే కొత్త జంటలు. కూర్చోగానే చాలామంది అడిగేది ఒకటే: "సార్, సబ్సిడీ ఎంతొస్తది?" బిల్డరుకు అడ్వాన్సు కట్టేసి వచ్చి ఈ మాట అడిగితే నాకు గుబులు పుడుతుంది. సాయం ఉన్నమాట నిజం, అర్హత ఉన్నవాళ్ళు దాన్ని వదులుకోకూడదు కూడా. కాకపోతే అది ఇల్లు కొన్నాక, విడతలుగా, షరతుల మీద వచ్చే డబ్బు. రిజిస్ట్రేషన్ రోజున చేతిలో ఉండాల్సిన డబ్బు లెక్కలోకి దాన్ని కలుపుకున్నవాళ్ళే ఇబ్బందుల్లో పడుతున్నారు. అందుకే రోజూ వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వడ్డీలో 4 శాతం సర్కారే కడుతుంది, కాబట్టి 8.5 శాతం అప్పు 4.5 శాతానికే పడుతుంది.

బిల్డర్ల కరపత్రాల వల్ల బాగా పాకిన అపోహ ఇది. ఒక కరపత్రం నా బల్ల మీదికే వచ్చింది. 25 లక్షల అప్పుకు నెలకు 15,800 కడితే చాలని పెద్ద అక్షరాల్లో వేశారు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువు మీద అసలు ఈఎంఐ దాదాపు 21,700. ఆ 15,800 ఎక్కడిదంటే, మొత్తం 25 లక్షల మీద 20 ఏళ్ళూ 4 శాతం తగ్గినట్టు వేసుకున్న లెక్క.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ పథకం రెండో దశ 2024 సెప్టెంబర్ 1న మొదలైంది. అందులో ఇల్లు కొనేవాళ్ళకు వర్తించేది వడ్డీ రాయితీ విభాగం. 4 శాతం రాయితీ అప్పులో మొదటి 8 లక్షల మీదే లెక్కగడతారు, అదీ గరిష్ఠంగా 12 ఏళ్ళ గడువుకే. అన్నీ కలిపితే వచ్చేది ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు. అది కూడా ఒక్కసారిగా రాదు, ఏటా ఒకటి చొప్పున 5 విడతల్లో విడుదలవుతుంది. అంటే ఏడాదికి 36,000, నెలకు 3,000 లెక్క. బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే వడ్డీ రేటు మాత్రం మారదు. 25 లక్షల అప్పుకు మొదటి ఏడాది వడ్డీయే 2 లక్షలు దాటుతుంది, దాని పక్కన ఈ 36,000 పెట్టి చూడండి. సాయమే, కాదనను. కానీ ఇల్లు కొనాలా వద్దా అన్నది తేల్చేంత సాయం కాదు.

అపోహ: ఎంత పెద్ద అప్పు తీసుకున్నా పరిమితి మేరకు రాయితీ ఇస్తారు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 2015 జూన్ 25న మొదలైన పాత పథకంలో నిజంగానే అలా ఉండేది. ఇంటి విలువకు పరిమితి లేదు. 40 లక్షల అప్పు తీసుకున్నా అందులో 6 లక్షలో, 9 లక్షలో, 12 లక్షలో ఆదాయ వర్గాన్ని బట్టి రాయితీ లెక్కకట్టి, మొత్తం ఒకేసారి రుణఖాతాలో వేసేవారు. పేద, అల్పాదాయ వర్గాలకు 2.67 లక్షల దాకా వచ్చింది. ఏడాదికి 18 లక్షల ఆదాయం ఉన్న కుటుంబాలూ అర్హులే. మీ అన్నయ్యకో, ఆఫీసులో సీనియర్‌కో వచ్చింది ఆ డబ్బే. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళ నాటి నిబంధనలు ఇప్పుడు లేవు, అంతే.

ఇప్పుడు ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే విస్తీర్ణం) 120 చదరపు మీటర్లకు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులకు మించకూడదు. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండాలి. 26 లక్షల అప్పు తీసుకుంటే అందులో మొదటి 8 లక్షల మీదనైనా ఇస్తారనుకోవద్దు, అసలు ఏమీ రాదు. కార్ పార్కింగుకో, ఉడ్‌వర్క్‌కో ఇంకో లక్ష కలిపి మంజూరు చేయించుకుని అర్హత పోగొట్టుకున్న ఫైళ్ళు చూశాను. మంజూరు పత్రం మీద సంతకం పెట్టకముందే ఆ అంకె చూసుకోండి.

ఇంకో బాధాకరమైన సంగతి. పాత పథకం మధ్యతరగతికి 2021 మార్చి 31తో, పేద, అల్పాదాయ వర్గాలకు 2022 మార్చి 31తో ముగిసింది. కొత్త పథకం 2024 సెప్టెంబర్ 1 నుంచి మంజూరై విడుదలైన అప్పులకే వర్తిస్తుంది. మధ్యలో, అంటే 2023లో ఇల్లు కొన్నవాళ్ళు రెండింటికీ కారు. "ఇప్పుడు అప్లై చేయిస్తాం, ఫైలు ఖర్చులివ్వండి" అని వాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళున్నారు. ఇవ్వకండి.

అపోహ: సబ్సిడీ ఉంది కాబట్టి చేతి నుంచి పెట్టాల్సింది పెద్దగా ఉండదు.

నేను అందరికన్నా ముందు దీని దగ్గరే ఆపుతాను. హన్మకొండ శివార్లలో 32 లక్షల ఫ్లాటు అనుకుందాం. రాయితీ కోసం అప్పు 25 లక్షలకు పరిమితం చేసుకున్నారు. మిగతా 7 లక్షలు మీరే పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం అంతే. 32 లక్షల మీద అది 2.40 లక్షలు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 10 లక్షలు దాటిన ఇంటికి ఈ రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలిపి అప్పు ఇవ్వకూడదు. కాబట్టి అదీ సొంత డబ్బే. మొత్తం 9.40 లక్షలు. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే ఈ ధరలో ఉన్న అందుబాటు ధర ఇళ్ళకు 1 శాతం జీఎస్టీ, ఇంకో 32,000. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు. లాయరు ఫీజు, కరెంటు మీటరు, గృహప్రవేశం వేరే.

తొమ్మిదిన్నర లక్షలకు పైగా ముందు పెట్టాలి, సర్కారు నుంచి వచ్చే మొదటి విడత 36,000. ఈ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపిస్తే చాలామంది నిశ్శబ్దంగా భార్య వైపో, భర్త వైపో చూస్తారు. ఆ తొమ్మిదిన్నర లక్షలు లేకపోతే ఇంకో రెండేళ్ళు చిట్టీ వేసి, పీఎఫ్ పెంచుకుని కొనమంటాను. పర్సనల్ లోన్ తీసుకుని ఈ సొంత వాటా కడితే 36,000 ఆ లోను వడ్డీకే సరిపోదు.

అపోహ: నా పేరు మీద ఇల్లు లేదు, కాబట్టి నేను అర్హుణ్ణే.

ఇక్కడ చూసేది కుటుంబాన్ని. భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు, వీళ్ళలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్ళయి వేరు కాపురం పెట్టినవాళ్ళకు నాన్నగారి పేరు మీద ఊళ్ళో ఉన్న ఇల్లు అడ్డు కాదు. పెళ్ళికాని కొడుకు తల్లిదండ్రుల కుటుంబంలో భాగమే కాబట్టి అతని విషయంలో ఆ ఇల్లు లెక్కలోకి వస్తుంది.

మన దగ్గర తరచూ ఫైలు ఆగేది భార్య వైపు ఇంటి దగ్గర. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఆమె పేరున గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన చిన్న డాబా ఇల్లు. అందులో వాళ్ళ అమ్మానాన్నలే ఉంటారు, అద్దె కూడా రాదు. వీళ్ళ దృష్టిలో అది అత్తగారి ఇల్లు, రికార్డులో మాత్రం ఆమెదే. ఒక దంపతుల ఫైలు సరిగ్గా దీని దగ్గరే ఆగిపోయింది. వాళ్ళకు దాచాలన్న ఉద్దేశం లేదు, అది ఇల్లు కిందికి వస్తుందని తెలియదంతే. ఖాళీ ప్లాటు, వ్యవసాయ భూమి ఉంటే మాత్రం పర్వాలేదు, నిబంధన పక్కా ఇంటి గురించే.

ఆదాయం కూడా అంతే. దరఖాస్తు భర్త పేరున వేసి భార్య జీతం చూపించకపోతే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. కుటుంబ సభ్యులందరి ఆధార్ ఇవ్వాలి, స్వయం ధ్రువీకరణ మీద సంతకం పెట్టాలి. తప్పని తేలితే వచ్చిన రాయితీ వెనక్కి కట్టాలి. ఆమె జీతం కలిపితే పెద్ద అప్పుకు అర్హత వస్తుంది, కానీ కుటుంబ ఆదాయం 9 లక్షలు దాటితే రాయితీకి పోతుంది. అలాంటప్పుడు రెండూ కావాలంటే కుదరదు, రాయితీ లేదనుకునే లెక్క వేసుకోండి.

ఇంటి హక్కు విషయంలో ఈ పథకం ఆడవాళ్ళ పక్షాన ఉంది. కుటుంబ పెద్దగా ఉన్న మహిళ పేరునో, భార్యాభర్తల ఉమ్మడి పేరునో ఇల్లు ఉండాలంటుంది. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఈఎంఐ ఇద్దరి కష్టంతో కట్టి, దస్తావేజు ఒక్కరి పేరున ఉన్న ఇళ్ళలో తర్వాత వచ్చే తగాదాలు చాలా చూశాను.

అపోహ: ఒకసారి మంజూరైతే ఐదు విడతలూ తప్పకుండా వస్తాయి.

విడత విడుదలయ్యే ప్రతిసారీ అప్పు నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. ఊళ్ళో ప్లాటు అమ్మి 20 లక్షల అప్పులో 11 లక్షలు ఒకేసారి కట్టేస్తే మిగిలిన విడతలు ఆగిపోతాయి. అలాగని 36,000 కోసం చేతిలో డబ్బు పెట్టుకుని కూర్చోమని నేను చెప్పను. 11 లక్షలు 8.5 శాతం వడ్డీకి బాకీ ఉంటే ఏడాదికి 93,000 పైనే వడ్డీ. సగానికి కాస్త పైన బాకీ ఉండేలా ముందుగా కట్టుకోగలిగితే మేలు, కుదరకపోతే సబ్సిడీ వదిలేసి అప్పు తీర్చుకోవడమే లాభం. ఇంకో బ్యాంకు తక్కువ వడ్డీ ఇస్తానంటే మారే ముందు, రాయితీ ఏమవుతుందో రెండు బ్యాంకుల నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: ఇందిరమ్మ ఇల్లు వస్తే ఐదు లక్షలు ఖాతాలో పడతాయి, దానికి మన డబ్బు కలిపి పెద్దిల్లు కట్టుకోవచ్చు.

తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో ఈ పథకం మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్ళకు 5 లక్షలు. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది. ముగ్గు పోసిన దగ్గర్నుంచి బేస్‌మెంట్ దాకా ఇటుక, ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి మీరే పెట్టుకోవాలి. ఆ తర్వాత గోడలు, స్లాబు, చివరి పని, ఒక్కో దశ ముగిశాక ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తే ఆ బిల్లు వస్తుంది. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే ఉండాలి. పునాదిని ఇంకో గది కోసం కాస్త జరిపితే ఆ విస్తీర్ణం దాటిపోయి బిల్లు ఆగుతుంది. మేస్త్రీ "ఇంకో రెండడుగులు లాగుదాం" అన్నప్పుడు వద్దని గట్టిగా చెప్పండి. మంజూరు రాకముందే పని మొదలుపెట్టడం కూడా అంతే ప్రమాదం.

ఇందిరమ్మ సాయం తీసుకుని, తర్వాత పట్నంలో ఫ్లాటు కొని కేంద్రం వడ్డీ రాయితీకి వెళ్దామనుకునేవాళ్ళున్నారు. గత 20 ఏళ్ళలో కేంద్ర, రాష్ట్ర, స్థానిక సంస్థల ఏ గృహనిర్మాణ పథకం కిందనైనా ఇల్లు పొందిన కుటుంబం దానికి అర్హం కాదు. కుటుంబం ఊళ్ళోనే స్థిరపడుతుందా, పట్నంలోనా అన్నది ముందు తేల్చుకుని దరఖాస్తు పెట్టండి.

అపోహ: టిడ్కో ఇళ్ళన్నీ ఉచితమే.

ఆంధ్రప్రదేశ్ నుంచి ఫోన్ చేసే బంధువులు అడిగేది ఇది. టిడ్కో అంటే అక్కడ పట్టణాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టే ప్రభుత్వ సంస్థ. గత ప్రభుత్వం రూపాయికి ఇస్తామన్నది 300 చదరపు అడుగుల ఇళ్ళను. 365, 430 చదరపు అడుగుల ఇళ్ళకు లబ్ధిదారు పేరున బ్యాంకు రుణం ఉంటుంది, ఆ రుణం లబ్ధిదారుదే. తాళం చేతికి రాకముందే వాయిదాల నోటీసులు వచ్చిన కుటుంబాలున్నాయి. వచ్చిన నోటీసును పక్కన పడేయకుండా బ్యాంకుకూ, మున్సిపల్ ఆఫీసుకూ రాతపూర్వకంగా జవాబివ్వాలి, లేకపోతే సిబిల్ (అప్పులు సరిగ్గా కడుతున్నారో చూపే స్కోరు) దెబ్బతిని రేపు ఏ అప్పూ పుట్టదు. టిడ్కోవి కాకుండా, ఆంధ్రప్రదేశ్‌లోనే సొంతంగా కట్టుకుంటూ సగంలో ఆగిపోయిన ఇళ్ళకు 2025 మార్చిలో అదనపు సాయం ప్రకటించారు: ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజనులకు లక్ష.

అపోహ: మొదటి ఇంటికి ఆదాయపు పన్నులో అదనంగా లక్షన్నర మినహాయింపు ఇంకా ఉంది.

ఆ 80ఈఈఏ సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. ఇప్పుడు కొనేవాళ్ళకు వడ్డీ మీద 2 లక్షల వరకు మినహాయింపు ఉన్నా, అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకు సొంతంగా నివసించే ఇంటి మీద అదీ రాదు.

అపోహ: మధ్యవర్తి లేకపోతే ఫైలు కదలదు.

దరఖాస్తు పీఎంఏవై అర్బన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటరుకో, మున్సిపాలిటీకో వెళ్ళండి. ఆధార్, ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువీకరణ పత్రం, అప్పు మంజూరు కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో పేరు ఒకలా, సేల్ డీడ్‌లో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించుకోండి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉన్నందుకే నెలల తరబడి ఆగిన దరఖాస్తులున్నాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు బ్యాంకులో మూడు ప్రశ్నలు అడగండి. ఈ పథకం కింద నోడల్ ఏజెన్సీతో (రాయితీ సొమ్మును బ్యాంకులకు చేర్చే సంస్థతో) మీకు ఒప్పందం ఉందా? ఈ ఇల్లు పట్టణ పరిధిలోకో, కుడా లాంటి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకో వస్తుందా? ఈ లేఅవుట్ మీద మీరు అప్పు ఇస్తారా? మూడింటికీ అవునన్న జవాబు వచ్చాక కూడా, బిల్డరు రాసే అగ్రిమెంటులో ఒక వాక్యం చేర్పించండి: బ్యాంకు అప్పు మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో అంకెతో సహా.