అమ్మ కిడ్నీ ఇస్తానంటే మమోగ్రామ్ ఎందుకు?

అపోహ: బ్లడ్ గ్రూప్ కలిసింది, దాత ఆరోగ్యంగా ఉన్నారు. మిగతా పరీక్షలన్నీ బిల్లు పెంచడానికే.

వాస్తవం: కిడ్నీ మార్పిడి కోఆర్డినేటర్‌గా ఈ మాట నేను వారానికొకసారైనా వింటాను. కొడుక్కి కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ పరీక్షల చీటీ చూసి, "కిడ్నీ నడుములో కదమ్మా, రొమ్ముకు పరీక్ష ఎందుకు?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ కణం రక్తంలో కొట్టుకువచ్చి కిడ్నీలో దాక్కోవచ్చు. కిడ్నీతో పాటే అదీ కొత్త ఒంట్లోకి వెళుతుంది. యూరప్‌లో 2007లో మరణించిన 53 ఏళ్ల మహిళకు చేసిన పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. ఆమె అవయవాలు పొందినవారిలో నలుగురికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ముగ్గురు చనిపోయారు. మరణించిన దాత విషయంలో వైద్యులకు దొరికేది కొన్ని గంటలే. బతికున్న దాతకైతే వారాల వ్యవధి ఉంటుంది. దాన్ని వాడుకోకపోతే తప్పు మాదే.

అపోహ: పరాయి మనిషి క్యాన్సర్ కణాన్ని మన ఒళ్లు బతకనివ్వదు.

వాస్తవం: మామూలు మనిషిలో నిజమే. కానీ కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ వంటి మందులు ఇస్తాం. కాపలావాణ్ణి నిద్రపుచ్చాక దొంగను ఎవరు పడతారు? పై నలుగురిలో బతికిన ఒక్కరికి ఆ కిడ్నీ తీసేసి, ఈ మందులు ఆపి, కీమోథెరపీ ఇచ్చారు. కిడ్నీ పోతే డయాలసిస్ ఉంది. కాలేయానికి ఆ ఆసరా లేదు.

అపోహ: ఎప్పుడో నయమైన క్యాన్సర్ గురించి చెప్పనక్కర్లేదు.

వాస్తవం: చెప్పి తీరాలి. కొన్ని రకాలైతే దానానికి అడ్డు కావు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అలా కాదు. బ్రిటన్‌లో ఒక దాతకు అది నయమై 16 ఏళ్లు గడిచినా, కిడ్నీలు పొందిన ఇద్దరికీ సోకింది.

అపోహ: అన్ని పరీక్షలూ చేస్తే ప్రమాదం సున్నా.

వాస్తవం: సున్నా కాదు, చాలా తక్కువ. బ్రిటన్‌లో 2001-2010 మధ్య జరిగిన 30 వేలకు పైగా మార్పిడుల్లో దాత నుంచి క్యాన్సర్ వచ్చినవారు 18 మందే.

ఆవిడ మమోగ్రామ్‌లో ఏమీ లేదు. సీటీ స్కాన్‌లో మాత్రం ఎడమ కిడ్నీ మీద రెండు సెంటీమీటర్ల గడ్డ కనబడింది. కొడుకు కోసం వచ్చిన తల్లికే ముందు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు తండ్రికి పరీక్షలు మొదలయ్యాయి. ఆ చీటీ గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.