పైపు మందం పెంచితే చాసిస్ గట్టిపడిపోదు

అపోహ: పైపు మందం ఎంత పెంచితే చాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఫ్రేమ్) అంత గట్టి.

భీమవరంలో మా ఫ్యాబ్రికేషన్ షాపుకి బగ్గీ (ఎగుడుదిగుడు నేల మీద నడిపే చిన్న కారు) కట్టే ఇంజినీరింగ్ పిల్లలు వచ్చినా, సొంతంగా కారు కట్టుకోవాలన్న కోరికతో పెద్దవాళ్లు వచ్చినా మొదటి మాట ఒకటే: "మూడు ఎం.ఎం. వేసేయండి, భయముండదు." ఈ నమ్మకం మీద పోయినంత డబ్బు మరి దేనిమీదా పోవడం లేదు.

వాస్తవం: స్టిఫ్‌నెస్, అంటే వంగకుండా నిలిచే గుణం, ముందు పైపు వ్యాసాన్ని బట్టి, ఆ తర్వాతే మందాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే స్టిఫ్‌నెస్ దాదాపు రెట్టింపు, బరువూ అంతే. మందం అలాగే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెట్టింపే, స్టిఫ్‌నెస్ మాత్రం సుమారు ఎనిమిది రెట్లు!

అంగుళం పైపు, అంటే 25.4 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందంలో మీటరు 1.66 కిలోలు తూగుతుంది. అంగుళంపావు పైపు 1.6 మి.మీ. మందంలో 1.19 కిలోలే. అయినా స్టిఫ్‌నెస్ 28 శాతం ఎక్కువ, వంపుకు తట్టుకునే బలం కూడా కాస్త ఎక్కువే. బాజా పోటీల (ఇంజినీరింగ్ పిల్లలు సొంతంగా బగ్గీ కట్టి నడిపే పోటీలు) నిబంధనలు కూడా ఇలాంటి మార్పుకి ఒప్పుకుంటాయి. కానీ మందం 1.57 మి.మీ. కంటే, స్టీల్లో కార్బన్ 0.18 శాతం కంటే తగ్గకూడదు. మరీ పల్చనైతే చిన్న దెబ్బకే సొట్టపడి అక్కడే మడతపడుతుంది. ఫర్నిచర్ పైపు తెచ్చి ఇవ్వకండి.

పాలకొల్లు నుంచి ఒక తండ్రి, తన కొడుకు కట్టిన గో కార్ట్ (చిన్న రేసు బండి) తెచ్చారు. "మావాడు ఇందులో కూర్చుంటాడండి, ఇంకా మందం వేయమంటారా?" అని అడుగుతుంటే ఆయన గొంతు వణికింది. పిల్లాడి ప్రాణం గురించిన టెన్షన్ అది, ఎవరికైనా ఉంటుంది. ఫ్రేమ్ అప్పటికే 3 మి.మీ. పైపు, కానీ అన్నీ నలుచదరం గళ్లే. ముందు ఒక మూల కింద జాకీ పెట్టి లేపితే పక్క మూల నేలనే ఉంది, ఫ్రేమంతా మెలితిరిగింది. 1.6 మి.మీ. పైపుతో ఐమూలగా బద్దెలు వేశాం. తర్వాత లేపితే రెండు మూలలూ కలిసి లేచాయి. రైస్ మిల్లు షెడ్డు కప్పు చూడండి, సన్న యాంగ్లర్లే అంత కప్పునీ మోస్తాయి. త్రికోణాల బలం అది. సస్పెన్షన్ బ్రాకెట్ దగ్గర మందం కావాలంటే అక్కడ ప్లేటు వేయండి, మొత్తం పైపు మార్చక్కర్లేదు.

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) వేస్తే తక్కువ వంగుతుందన్నది పుకారు. విరగడానికి ఎక్కువ బలం కావాలి, నిజమే. స్టిఫ్‌నెస్ మాత్రం మామూలు స్టీలుదే. పల్చటి పైపుకి వెల్డింగ్ నిలవదన్నదీ తప్పే. 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్, తక్కువ కరెంటు, చేతి అలవాటు ఉంటే చాలు. జీఐ (జింకు పూత ఉన్న) నీళ్ల పైపు వద్దు, కాలిస్తే వచ్చే జింకు పొగకి జ్వరం వస్తుంది.

షాపుల్లో మందాన్ని గేజ్‌లో చెబుతారు, 16 గేజ్ అంటే 1.63 మి.మీ. షాపులో నోటిమాట నమ్మకుండా కోసిన అంచు దగ్గర మైక్రోమీటర్ పెట్టి చూడండి. నర్సాపురం, మొగల్తూరు వైపు వాళ్లకి ఇంకో మాట: ఆ ఉప్పుగాలికి పైపు లోపలినుంచి తుప్పు తింటుంది. చివర్లన్నీ మూతవేసి చుట్టూ పూర్తిగా వెల్డ్ చేయించండి, ఆ తర్వాతే ప్రైమర్.