మేకు పోతుంది, పలక పోదు

చిన్నప్పుడు పలక చేతిలోంచి జారి కింద పడితే అంచు విరగడమే కాదు, ఒక్కోసారి పల్చటి పెచ్చు కూడా లేచేది. ఇంట్లో తిట్లు తెచ్చిపెట్టిన ఆ గుణమే బ్రిటన్‌లోని వేల్స్ ఉత్తర భాగంలో ఊళ్ళకు ఊళ్ళకే ఇంటికప్పు అయింది. మన మార్కాపురం పలకా, అక్కడి ఎరిరి (స్నోడోనియా) కొండల్లో పాత రైతు ఇళ్ళ కప్పూ ఒకే జాతి రాయి: స్లేట్.

అక్కడి పెన్రిన్ గని రాయి, 50 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న మెత్తటి బురద. బురద పొరలుగా పేరుకుంది కాబట్టి రాయి ఆ పొరల వెంటే చీలుతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ కాదు. సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట భూఖండాలు ఢీకొని ఆ రాయిని పక్కలనుంచి నొక్కాయి. ఆ వేడికీ ఒత్తిడికీ బంకమట్టి కాస్తా అభ్రకం లాంటి సన్నటి రేకులుగా మారింది. రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా తిరిగి, పేర్చిపెట్టిన అటుకుల్లా సర్దుకున్నాయి. స్లేట్ చీలేది వాటి వెంటే. 1853లో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ అనే ఇంగ్లీషు భూవిజ్ఞాని ఈ సంగతి వివరించాడు. సాక్ష్యం కప్పు మీదే ఉంది. ఊదారంగు పలకల మీద అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలుంటాయి. ఒకప్పుడవి బంతుల్లా గుండ్రంగా ఉండేవి. ఇప్పుడు కోలగా, అప్పచ్చుల్లా అణిగిపోయి కనిపిస్తాయి. కొండ ఎంత నలిగిందో వాటిని కొలిచి చెప్పొచ్చు.

గనివాళ్ళకు ఈ సిద్ధాంతంతో పనిలేదు, చేతికే తెలుసు. వెడల్పాటి ఉలి ఆనించి, చెక్క సుత్తితో తట్టి, దిమ్మను సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి చీలుస్తారు. అలా దాదాపు 5 మిల్లీమీటర్ల మందం దాకా వస్తారు. రాయిలో తేమ ఆరకముందే ఈ పని అయిపోవాలి. ఆరితే సరిగా చీలదు.

పలకలకు కొలతను బట్టి పేర్లు పెట్టారు: 24 అంగుళాలకు 12 అయితే డచెస్, 20కి 10 అయితే కౌంటెస్, 16కి 8 అయితే లేడీ. పేద రైతు కొట్టం మీద కూడా దొరసానుల సభే! అంతకుముందు కట్టిన ఇళ్ళలో మాత్రం దగ్గర్లో దొరికిన అడ్డదిడ్డం పలకలే వాడారు. పెద్దవి చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేయంతవి. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, అసలు కారణాలు పొదుపూ నీళ్ళూ. చిన్న ముక్క కూడా వృథా కాదు. కప్పంతటి నీళ్ళూ చేరే చూరు దగ్గర అతుకులు తక్కువుంటాయి, పెద్ద బరువు నేరుగా గోడ మీద పడుతుంది.

ప్రతి పలకా కింది రెండు వరసల మీదికి వచ్చేలా పేరుస్తారు. పలక నీళ్ళు దాదాపు పీల్చదు, కాబట్టి మంచుకు పగలదు. కప్పు కారుతోందంటే చాలాసార్లు తప్పు పలకది కాదు: ఇనప మేకు తుప్పు పట్టి ఉంటుంది, లేదా పాతకాలపు ఓక్ చెక్క మేకు పుచ్చి ఉంటుంది. పలక జారి చూరులో ఆగుతుంది. పనివాళ్ళు దాన్ని తీసి, వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే మళ్ళీ పైకెక్కిస్తారు, డొల్లగా మోగితే పక్కన పడేస్తారు.