రెఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌పై మన పరిశోధకుల అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు అధ్యాయాలన్నీ అయిపోయాక కూడా ఒక టెన్షన్ మిగులుతుంది: ఉపయుక్త గ్రంథసూచి. చదివిన పుస్తకాల, పత్రాల వివరాలు దాచి గ్రంథసూచి తయారుచేసే జొటెరో, మెండలే వంటి సాఫ్ట్‌వేర్ నేర్పించడం నా పని. నేర్చుకోవడం కష్టమై ఇబ్బంది పడేవాళ్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ గురించి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాల వల్ల ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

అపోహ: సాఫ్ట్‌వేర్ వాడితే గ్రంథసూచిలో తప్పులుండవు.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ వరుస పెడుతుంది, చుక్కలూ కామాలూ పెడుతుంది. మనం ఇచ్చిన వివరం నిజమో కాదో దానికి తెలియదు. ప్రభుత్వ నివేదికనే తీసుకోండి. రచయిత గడిలో 'గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ' అని ఉంటే, అది మనిషి పేరనుకుని, ఏపీఏ స్టైల్‌లో (గ్రంథసూచి రాసే పద్ధతుల్లో ఒకటి) 'తెలంగాణ'ను ఇంటిపేరుగా ముందు పెట్టి, 'గవర్నమెంట్'ను 'జి.' అని కుదించి అచ్చు వేస్తుంది. జొటెరోలో రచయిత గడి పక్కన చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. సంస్థల పేర్లన్నీ అలా ఒకే గడిలో ఉండాలి.

మన పేర్లతో ఇంకా చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. కాళోజీ నారాయణరావు పేరు ఇంగ్లిష్ రికార్డులో మూడు మాటలుగా ఉంటే 'రావు, కె. ఎన్.' అయిపోతుంది. ఇలాగే వదిలేస్తే జాబితా నిండా రావులూ రెడ్డిలే కనిపిస్తారు, ఎవరు ఎవరో పోల్చుకోలేం. పత్రం దిగుమతి చేసిన వెంటనే, పీడీఎఫ్ మొదటి పేజీ పక్కన పెట్టుకుని పేర్లు సరిచూడండి. ఒకే రచయిత పేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరాలతో ఉంటే సాఫ్ట్‌వేర్ ఇద్దరు మనుషులనుకుంటుంది. పాఠంలో ఉన్నట్టుండి ఇంటిపేరు ముందు ఇనీషియల్స్ ప్రత్యక్షమయ్యాయంటే చాలాసార్లు కారణం ఇదే.

పత్రాల శీర్షికలు కొన్ని పూర్తిగా పెద్దక్షరాల్లో దిగుతాయి. శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్‌లోకి మార్చండి. జొటెరోలో శీర్షికలను అలా దాచుకోవడమే మంచిది, అవసరమైన స్టైల్‌కు అదే టైటిల్ కేస్ చేసుకుంటుంది. మార్చాక వరంగల్, కాకతీయ వంటి పేర్లకు మొదటి పెద్దక్షరం మిగిలిందో లేదో చూసుకోండి.

అపోహ: తప్పు కనబడితే వర్డ్‌లోనే దిద్దేస్తే సరిపోతుంది.

వాస్తవం: వర్డ్‌లోని జొటెరో ట్యాబ్‌లో రిఫ్రెష్ నొక్కగానే ఆ దిద్దుబాటు పోతుంది. దిద్దవలసింది జొటెరో లైబ్రరీలో, వర్డ్‌లో కాదు. చివరి గంటలో పోగొట్టుకునే పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే. ఇంకా చేతి దిద్దుబాట్లు తప్పవనుకుంటే, ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకుని, ఆ కాపీలో మాత్రమే 'అన్‌లింక్ సైటేషన్స్' నొక్కండి. ఆ తర్వాత ఆ ఫైల్‌లో మిగిలేది మామూలు అక్షరాలే. గైడ్ మళ్లీ మార్పులు చెబితే అసలు ఫైల్‌కే వెళ్లాలి.

అపోహ: డూప్లికేట్ కనబడితే డిలీట్ చేయాలి.

వాస్తవం: వద్దు, మెర్జ్ చేయండి, అంటే రెండు రికార్డులను ఒకటిగా కలపండి. మీరు డిలీట్ చేసిన రికార్డునే థీసిస్‌లో ఉదహరించి ఉంటే ఆ లింకు తెగిపోతుంది. మెర్జ్ చేస్తే నిలుస్తుంది. డూప్లికేట్లు అలాగే ఉంటే ఒకే పత్రం 2019ఎ, 2019బి అని రెండుసార్లు వస్తుంది.

అపోహ: డబ్బు కట్టే సాఫ్ట్‌వేరే మంచిది.

వాస్తవం: ఎండ్‌నోట్ మంచిదే, కానీ థీసిస్‌కు జొటెరో చాలు. 2006 నుంచి ఉచితంగా ఉంది. జొటెరో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ చోటు నిండిపోయిందని కంగారుపడకండి. ఆ లెక్క జత చేసిన పీడీఎఫ్‌లకే, రికార్డుల సింక్ ఆగదు.

అపోహ: తెలుగు పుస్తకాలకు ఇది పనికిరాదు.

వాస్తవం: తెలుగు శాఖ పరిశోధకులు చాలామంది ఈ మాట నమ్మి మొత్తం చేత్తో రాస్తున్నారు. నాకు బాధ కలిగించే అపోహ ఇది. యూనికోడ్‌లో టైప్ చేసిన ఏ పేరైనా జొటెరో తీసుకుంటుంది. సమస్య యూనికోడ్ కాని 'అను' ఫాంట్లతో. డీటీపీ సెంటర్‌లో అనులో కొట్టించిన పాఠాన్ని కాపీ చేసి గడిలో వేస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి. అందుకే ఆ వివరాలను పుస్తకం చూసి యూనికోడ్‌లో కొత్తగా టైప్ చేయాలి. ఐఎస్‌బీఎన్ కొడితే తెలుగు పుస్తకం చాలాసార్లు దొరకదు. లోపలి పేజీ చూసి ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, ఎన్నో ముద్రణ అన్నీ నింపండి. పేరు మార్చకుండా అచ్చు కావాలంటే రచయిత పేరును ఒకే గడిలో వేయండి.

మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు గ్రంథాలను, ఇంగ్లిష్ గ్రంథాలను వేరువేరుగా చూపే పద్ధతి ఉంది. వర్డ్‌లోని జొటెరో అలా విడదీయదు. లైబ్రరీలో రెండు కలెక్షన్లు చేసి, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ఆ కలెక్షన్‌కు గ్రంథసూచి తయారు చేయించి, కాపీ చేసి అతికించండి. ఇంగ్లిష్ స్టైల్ వాడితే తెలుగు జాబితాలోనూ 'అండ్', 'ఎడ్స్' అని వస్తాయి. వాటిని చివరి కాపీలో చేత్తో మార్చుకోవాలి.

అపోహ: గ్రంథసూచి పొడవైతే ప్లేజియరిజం శాతం పెరుగుతుంది.

వాస్తవం: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం రెఫరెన్సులు, గ్రంథసూచి ఆ లెక్కలోకి రావు. చదివిన పుస్తకాన్ని భయపడి తీసేయకండి.

అపోహ: ఏఐని అడిగితే తయారైన జాబితా ఇస్తుంది.

వాస్తవం: ఇస్తుంది, అందులో ఈ లోకంలో లేని పత్రాలూ ఉండొచ్చు. రచయిత నిజం, పత్రిక నిజం, వ్యాసం మాత్రం కల్పితం కావచ్చు. ప్రతి డీవోఐని, అంటే పత్రానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్యను, బ్రౌజర్‌లో తెరిచి చూడండి. డీవోఐ లేకపోతే ఆ పత్రిక సంచికలో వ్యాసం ఉందో లేదో వెతకండి, దొరక్కపోతే జాబితాలో పెట్టకండి. ఉపసంహరించిన పత్రం మీ లైబ్రరీలో ఉంటే జొటెరో హెచ్చరిస్తుంది. కల్పించిన పత్రాన్ని మాత్రం పట్టుకోదు.