అరుగు మీద ఓపీ: గుండె ఆపరేషన్ గురించి అపోహలు, వాస్తవాలు

గుండె కండరం ఎట్లా దెబ్బతింటుంది, ఆపరేషన్‌లో దాన్ని ఎట్లా కాపాడుకోవాలి, ఇదే నా పరిశోధన. సొంతూరు దేవరకొండ పక్కన. పండుగకు పోతే చాలు, అరుగు మీదే ఓపీ మొదలవుతుంది.

అపోహ: "బైపాస్ అంటే గుండె దీసి పక్కన వెట్టి కుడ్తరట గదా!"

తియ్యరు. ఉన్నచోటే ఉంటుంది. కాలి సిరనో, రొమ్ము ఎముక వెనకాల ఉండే ధమనినో తెచ్చి గుండె రక్తనాళంలో అడ్డు పడిన చోటుకు దిగువన కుడతారు. మన దగ్గర చాలామందికి గుండె కొట్టుకుంటుండగానే చేస్తారు. కవాటాలు మార్చేటప్పుడు మాత్రం సాధారణంగా గుండెను ఆపాల్సిందే. అంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేస్తూ రక్తాన్ని నడిపేది మిషన్. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ దాంతో మొదటిసారి ఒక పేషెంటును బతికించాడు. గుండెను ఆపేది పొటాషియం ఎక్కువగా కలిపిన ద్రావణం. అది ఎక్కగానే ఈసీజీ గీత చదునవుతుంది, గుండె నీళ్లు పోయిన తోలుసంచిలా మెత్తబడుతుంది. పని అయ్యాక పెద్ద ధమనికి బిగించిన పట్టుకారు (క్లాంపు) తీస్తే ముందు వణుకుతుంది, తర్వాత ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. ఎన్నిసార్లు చూసినా ఆ వణుకు దగ్గర నా ఊపిరి ఆగుతుంది.

అపోహ: "స్టంటు ఏసిన్రు, బ్లాకు పోయింది, ఇగ ఏం గాదు."

సాగర్ ఎడమ కాలువ కింద ఎవుసం చేసేటోళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నెర్రెలిచ్చిన మడికి తూము ఒక్కసారిగా ఎత్తితే గట్టు తెగుతుంది. గుండెపోటులోనూ అంతే, రక్తం అందక అలసిన కణాలకు అది ఒక్కసారిగా తిరిగొస్తే, లోపలికి కాల్షియం పోటెత్తి కొన్ని కణాలు అప్పుడే చస్తాయి. అట్లాగని రక్తనాళం తెరవకుంటే మొత్తం పోతుంది. చచ్చిన కండరం మచ్చగా మిగిలిపోతుంది, మళ్లీ మొలవదు. అందుకే స్టంటు తర్వాతా మందులు ఆపొద్దనేది.

అపోహ: "గ్యాసు వట్టింది, సోడా తాగి పండుకో."

మా మేనమామ ఇదే చేశాడు. సాయంత్రం ఛాతీ మీద బండ పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు. తెల్లారినాక పోదామన్నారు. కుక్కల మీద ప్రయోగాల్లో తేలింది ఏమంటే, రక్తం ఆగిన 20 నిమిషాలకే కండరం చావడం మొదలవుతుంది, 6 గంటలకు కాపాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. మామ బతికాడు గానీ ఇప్పుడు చెలక దాకా నడిస్తే ఆయాసం. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి ఉంటే ఇంటికి రావొద్దు. ఈసీజీ మళ్లీ తియ్యాలి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష చెయ్యాలి. 108కి ఫోన్ చెయ్యండి, బండి మీద కూర్చోబెట్టుకొని బయల్దేరకండి.

ఇంకో అపోహ ఊరోళ్లది కాదు, పరిశోధన చేసే మాది. 1986లో కుక్కల గుండె రక్తనాళాన్ని 5 నిమిషాల చొప్పున 4 సార్లు మూసి తెరిచాక, అసలు అడ్డంకి 40 నిమిషాలు పెట్టినా నష్టం నాలుగో వంతుకు తగ్గింది. దాంతో, ఆపరేషన్‌కు ముందు బీపీ పట్టీ బిగించి చేతికి కాసేపు రక్తం ఆపి వదిలితే గుండె కూడా దెబ్బను తట్టుకుంటుందని నమ్మాం. నేనూ నమ్మాను. 2015లో బ్రిటన్, జర్మనీల్లో జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో పేషెంట్లకు ఏ లాభమూ కనబడలేదు. మత్తుమందే అడ్డుపడిందేమోనని కొందరి అనుమానం. మా మామకు ఇది చెబితే, "మరి ఇన్నేండ్లు ఏం జేసిన్రురా?" అన్నాడు.